వార్డుకో పిల్లల గది: కార్పొరేషన్ బడ్జెట్‌లో డబ్బు అడుగుదామా?

మూసాపేట అమ్మ (హైదరాబాద్)
3 ఆగస్టు 2025, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఈ విషయం ఎక్కడ రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మా సందు చివర కుట్టు మిషన్ల షెడ్డు ఒకటి ఉంది. అందులో పనిచేసే ఒకావిడ తన రెండున్నరేళ్ల పాపను మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య దగ్గర వదిలి వెళ్తుంది. నెలకు పదిహేను వందలు ఇస్తుంది. వాచ్‌మన్ భార్య కూడా నాలుగిళ్లలో పనికి వెళ్లే మనిషే. ఆమె పైఅంతస్తులో అంట్లు తోముతున్నంతసేపూ పాప కింద పార్కింగ్‌లో తిరుగుతుంటుంది. పోయిన మంగళవారం ఒక కారు వెనక్కి వస్తూ ఆ పాపకు జానెడు దూరంలో ఆగింది. ఆ కారు నడుపుతున్నది నేనే. అప్పటినుంచి రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు.

మర్నాడు ఆ తల్లితో మాట్లాడాను. అంగన్‌వాడీలో మూడేళ్లు నిండితేనే కూర్చోబెట్టుకుంటారట. ప్రైవేటు ప్లేస్కూల్ నెలకు నాలుగున్నర వేలు, అదీ పన్నెండున్నరకు వదిలేస్తారు. ఆమె డ్యూటీ రాత్రి ఏడు దాకా. ఊరి నుంచి అత్తగారు వచ్చే పరిస్థితి లేదు.

ఇంటికొచ్చి మా ఇంటి పన్ను కాగితం తీసి చూశాను. అందులో గ్రంథాలయ సెస్ అని ఉంది. మంచిదే. పిల్లల పేరుతో మాత్రం ఏ లైనూ లేదు. రోడ్డు, చెత్త, లైట్ల కోసం కార్పొరేషన్‌ను అడుగుతాం కదా, పనికెళ్లే తల్లుల పిల్లలను చూసుకునే చోటు కావాలని ఎందుకు అడగం? అడిగితే ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.


అంగన్‌వాడీ టీచర్ (రంగారెడ్డి జిల్లా)
3 ఆగస్టు 2025, రాత్రి 11:02

చెల్లీ, నువ్వు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. పందొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇలాంటి తల్లులు నా దగ్గరికి ఎందరో వచ్చారు, తిప్పి పంపాల్సి వచ్చింది.

మా అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబర్ 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. తల్లికీ బిడ్డకూ పోషణ, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు, ఇదీ మా పని. తల్లి పనికి వెళ్లిన పూటంతా బిడ్డను చూసుకోవడం మా పనిగా ఎవరూ అనుకోలేదు. మూడేళ్లలోపు పిల్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పోషకాహార పొడి) పొట్లం ఇస్తాం, గుడ్లు ఇస్తాం, తూకం వేస్తాం, ఇంటికి పంపేస్తాం. ఆ ఇంట్లో పగటిపూట ఎవరున్నారో మా రిజిస్టర్‌లో రాసే గడి లేదు.

మరో మాట. 2021 పెంపు తర్వాత మాకు ఇచ్చేది 13,650, ఆయాకు 7,800. దీన్ని జీతమని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. ఎవరైనా కొత్త కేంద్రాలు అడిగితే, అందులో కూర్చునే మనిషికి ఏమిస్తారో కూడా అడగండి.


పెన్షనర్ (సైనిక్‌పురి)
4 ఆగస్టు 2025, ఉదయం 6:20

అమ్మా, మీ బాధ అర్థమైంది. దేవుడి దయ వల్ల ఆ పాపకు ఏమీ కాలేదు. కానీ ఒక పెద్దవాడిగా నా అభ్యంతరం చెబుతాను.

నాలాంటి పెన్షన్‌దారు ఏటా ఇంటి పన్ను కట్టడానికే కూడబెట్టుకోవాలి. ఇప్పుడు పిల్లల పేరుతో ఇంకో సెస్ వేస్తే ఎలా? మా రోజుల్లో మనవలను మేమే పెంచాం. మా ఆవిడ మా అమ్మాయి కొడుకును ఐదేళ్లు చూసుకుంది. బిడ్డల బాధ్యత కన్నవాళ్లది, కుటుంబానిది. ప్రతిదీ ప్రభుత్వం మీద వేస్తే కుటుంబం అనే మాటకు అర్థం ఉండదని నా భయం.

ఇంకొకటి, కార్పొరేషన్ చేతిలో పిల్లలను పెట్టడం. వీధి కుక్కల సంగతే తేలడం లేదు.


వార్డు ఆఫీసు పాతమనిషి (హైదరాబాద్)
4 ఆగస్టు 2025, ఉదయం 9:48

బాబాయ్ గారూ, మీ మాట కాదనడం లేదు. ఒక పాత సంగతి మాత్రం చెప్పాలి. కార్పొరేషన్‌కు పిల్లల పని కొత్త కాదు.

1967లో కేంద్ర సహాయంతో హైదరాబాద్‌లో పట్టణ సమాజ అభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. ఇప్పటికీ మా ఆఫీసుల్లో యూసీడీ అంటే అందరికీ తెలుసు. ఆ రోజుల్లో బస్తీల్లో ఆ విభాగం చేసిన పనుల్లో బల్వాడీలు, అంటే చిన్నపిల్లల బడులు, నడపడం ఒకటి. వాటితోపాటు మహిళా మండళ్లు, కుట్టు కేంద్రాలు, యువజన సంఘాలు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ బల్వాడీల్లో పనిచేసిన ఆయమ్మలు ఇంకా కొందరు ఉండేవారు. బస్తీకి వెళ్తే ఫలానా బల్వాడీ గల్లీ అని గుర్తులు చెప్పేవారు. చాప, పలక, ఉప్మా, పాటలు. పెద్ద భవనాలేమీ కావు. బస్తీ వాళ్లు గది చూపిస్తే కార్పొరేషన్ మనిషిని పెట్టేది.

తర్వాత చిన్నపిల్లల పని అంగన్‌వాడీల రూపంలో రాష్ట్ర శాఖ చేతికి వెళ్లింది. యూసీడీ మెల్లగా పొదుపు సంఘాల రుణాల వైపు జరిగింది. ఆ పని కూడా కావలసిందే, వద్దనను. కానీ బల్వాడీ పోయిన చోట పగలంతా పిల్లలను పెట్టుకునే చోటు మళ్లీ రాలేదు.

ఇప్పటి సంగతి కూడా చూడండి. అన్నపూర్ణ ఐదు రూపాయల భోజనం 2014లో మొదలైంది. దానికి కార్పొరేషన్ తన డబ్బు నుంచి సబ్సిడీ ఇస్తోంది. 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలకు ఎక్కువ చోట్ల గదులు కార్పొరేషన్ కమ్యూనిటీ హాళ్లే, డాక్టర్ వైద్య శాఖ మనిషి. అంటే గది ఒకరిది, మనిషి ఒకరిది అన్న పద్ధతి మనకు అలవాటైనదే. పిల్లలకు కూడా అలా ఎందుకు కుదరదు?

అడగాలంటే ఆలస్యం చేయకండి. బడ్జెట్ ముసాయిదా నవంబరులో కమిషనర్ నుంచి స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ముందుకు వెళ్తుంది. జనవరిలో దరఖాస్తు పట్టుకుని తిరిగితే వచ్చే ఏడాది చూద్దాం అంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కార్పొరేటర్ చేత అడిగించాలి.


బెజవాడ వకీలు (విజయవాడ)
4 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1:30

పాతమనిషి గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక ముక్క కలుపుతాను. నాకు ఎప్పటినుంచో మనసులో ముల్లులా ఉన్న విషయం ఇది.

పంచాయతీల కోసం రాజ్యాంగంలో పదకొండో షెడ్యూలు ఉంది, 29 అంశాలు. అందులో 25వది మహిళా శిశు అభివృద్ధి. నగరాల కోసం 74వ సవరణతో పన్నెండో షెడ్యూలు వచ్చింది, 18 అంశాలు. పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి. మురికివాడల అభివృద్ధి ఉంది. శ్మశానాలు ఉన్నాయి, పశువుల బందెలదొడ్లు కూడా ఉన్నాయి. మహిళా శిశు అభివృద్ధి మాత్రం లేదు. పల్లెలో తల్లులు పనికి పోతారని గుర్తున్నవాళ్లకు పట్నంలో తల్లుల సంగతి గుర్తులేదు. అందుకే కార్పొరేషన్ గడప దగ్గర ఇది మా పని కాదు అనే జవాబు తేలిగ్గా దొరుకుతుంది.

అలాగని దారి మూసుకుపోలేదు. బలహీన వర్గాల ప్రయోజనాలు కాపాడటం, విద్యా సాంస్కృతిక కార్యక్రమాలు పన్నెండో షెడ్యూల్లోనే ఉన్నాయి. 2002లో 86వ సవరణతో 45వ అధికరణం మార్చి, ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని రాశారు. ప్రయత్నించాలి అన్నారే తప్ప హక్కు అనలేదు, అది వేరే బాధ. కేంద్రం పాల్నా పేరుతో అంగన్‌వాడీతో కలిపి క్రెచ్ (పగటిపూట పిల్లలను చూసుకునే చోటు) నడిపే పథకం పెట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు. ఖర్చులో కేంద్రం 60, మన రాష్ట్రాలు 40. దేశం మొత్తానికి 17,000 కేంద్రాలు లక్ష్యం. మన నగరాల అవసరం ముందు అది చెంచాడు నీళ్లు. అయినా రాష్ట్ర వాటా వైపు నుంచి కార్పొరేషన్ గది, కరెంటు, మనిషి ఇస్తే మొదలుపెట్టడానికి అది ఒక దారం.

దరఖాస్తులో ఈ రెండు షెడ్యూళ్ల తేడా తప్పకుండా రాయండి. చదివిన అధికారి ఒక్క నిమిషమైనా ఆగి ఆలోచిస్తారు.


శాన్‌ఫ్రాన్సిస్కో నాన్న (కాలిఫోర్నియా)
5 ఆగస్టు 2025, ఉదయం 7:55

దూరం నుంచి మాట్లాడుతున్నందుకు ఏమనుకోకండి. మా స్వగ్రామం నల్గొండ దగ్గర. పదమూడేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాం. ఇక్కడ జరిగినది మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

1991లో ఈ నగరంలో పిల్లల తరఫున పనిచేసేవాళ్లు సంతకాలు సేకరించి ఒక ప్రతిపాదనను ఓటుకు పెట్టించారు. దాని పేరు ప్రపోజిషన్ జె. ఆస్తి పన్నులో కొంత భాగం పిల్లల కార్యక్రమాలకే విడిగా తీసిపెట్టాలి, ఇంకే పనికీ వాడకూడదు అని. జనం గెలిపించారు. అమెరికాలో ఒక నగరం ఇలా పిల్లలకు ఆస్తి పన్నులో వాటా కట్టబెట్టడం అదే మొదటిసారి. 2000లో, 2014లో మళ్లీ ఓటు వేసి కొనసాగించారు. ఇప్పుడు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 4 సెంట్లు ఆ నిధికి వెళ్తాయి. 2014లో 18 నుంచి 24 ఏళ్ల యువతను కూడా చేర్చారు.

నాకు అందులో బాగా నచ్చినది సెంట్ల లెక్క కాదు. కొత్త నిధి వచ్చింది కదా అని నగరం పిల్లల మీద అప్పటికే పెడుతున్న ఖర్చు తగ్గించడానికి వీల్లేదు. పాత ఖర్చుకు ఒక గీత గీశారు, దాని కిందికి దిగకూడదు. ఆ గీత లేకపోతే ఒక జేబులో వేసి ఇంకో జేబులోంచి తీసేవారు.

పక్కనే ఓక్లాండ్ ఉంది. అక్కడ 1996లో వేరే దారి పట్టారు. కొత్త పన్ను లేదు, నగర సాధారణ ఆదాయంలోనే రెండున్నర శాతం పిల్లలకు అన్నారు. 2009లో దాన్ని 3 శాతం చేశారు. పెన్షనర్ గారి లాంటివారికి ఆ పద్ధతి నచ్చవచ్చు.

చేదు విషయం కూడా చెప్పాలి. 2018లో ఇక్కడ దుకాణాలు, ఆఫీసుల అద్దె ఆదాయం మీద పన్ను వేసి ఆ డబ్బు ఐదేళ్లలోపు పిల్లల సంరక్షణకు పెట్టాలని ఓటేశారు. మామూలుగా 3.5 శాతం, గోదాములకు 1 శాతం. వెంటనే కోర్టు కేసులు పడ్డాయి. 2021లో కేసు తేలేదాకా వసూలైన డబ్బును ముట్టుకోలేదు. అప్పుడు ఏడాది వయసున్న పిల్లలు ఆ డబ్బు బయటికి వచ్చేసరికి బడికి వెళ్లిపోయారు. ఇంకా, ఇంత చేసినా ఇళ్ల అద్దెలు భరించలేక పిల్లలున్న కుటుంబాలు ఊరు వదిలి వెళ్తూనే ఉన్నాయి. అమెరికా పెద్ద నగరాల్లో పిల్లల శాతం అతి తక్కువ ఉన్నది ఇక్కడే.

మా పెద్దమ్మాయి బడి తర్వాత సాయంత్రం ఆరు దాకా ఉండే చోటు ఈ నిధి సాయంతో నడుస్తున్నదే. నేనూ నా భార్యా ఉద్యోగాలు నిలబెట్టుకున్నామంటే ఆ మూడు గంటల వల్లే.


పెన్షనర్ (సైనిక్‌పురి)
5 ఆగస్టు 2025, ఉదయం 9:10

బాబూ, వివరంగా రాశావు. ఓక్లాండ్ పద్ధతి నాకు నచ్చింది. ఉన్న రాబడిలోంచి ఇంత అని తీసిపెట్టడం వేరు, కొత్త పన్ను వేరు.

మూసాపేట అమ్మగారు గ్రంథాలయ సెస్ అన్నారు కాబట్టి గుర్తుచేస్తున్నాను. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీలకు వెళ్లాలి. నేను ముప్పై ఏళ్లు మా పేట లైబ్రరీలో పేపర్ చదివినవాణ్ని. మనం కట్టిన ఆ పైసలు లైబ్రరీలకు బకాయి ఉన్నాయని పత్రికల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పిల్లల పేరుతో వసూలు చేసిన డబ్బుకు కూడా అదే గతి పడితే? ముందు దానికి జవాబు కావాలి.

మా ఆవిడ గురించి కూడా ఒక మాట చెప్పాలి. నిన్న రాసింది తనకు చదివి వినిపించాను. మనవడిని పెంచిన ఐదేళ్లలో తన మోకాళ్లు అరిగిపోయాయనీ, అప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదనీ అంది. నాకు ఇది ఈ వయసులో తెలిసింది.


అంగన్‌వాడీ టీచర్ (రంగారెడ్డి జిల్లా)
5 ఆగస్టు 2025, మధ్యాహ్నం 3:40

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి సార్.


కొచ్చి కోడలు (ఎర్నాకుళం)
5 ఆగస్టు 2025, రాత్రి 8:25

నేను రాజమండ్రి పిల్లను, పెళ్లయి కొచ్చిలో ఉంటున్నాను. ఇక్కడి పద్ధతి చెబుతాను.

కేరళలో స్థానిక సంస్థలకు నిధులు, అధికారాలు ఇచ్చిన 1996 ప్రజా ప్రణాళిక నుంచి అంగన్‌వాడీ అంటే పంచాయతీ, మున్సిపాలిటీ పని కూడా. స్థలం, భవనం, పిల్లల తిండి ఖర్చు విషయంలో స్థానిక సంస్థే ముందుంటుంది. ప్రణాళిక నిధుల్లో 10 శాతం మహిళల కోసం, ఇంకో 5 శాతం పిల్లలు, వృద్ధులు, వికలాంగుల కోసం విడిగా పెట్టాలి. మా వార్డు కౌన్సిలర్‌కు అంగన్‌వాడీలో ఫ్యాను తిరగకపోతే నేరుగా ఫోన్ వెళ్తుంది, ఆవిడ ఎత్తుతుంది కూడా. మా చిన్నోడు వెళ్లే అంగన్‌వాడీ గోడకు రంగులు, చిన్న కుర్చీలు, వెనుక వంటగది, అన్నీ మున్సిపల్ డబ్బుతోనే వచ్చాయి.

కానీ ఇక్కడ కూడా మూడున్నరకు తలుపు వేసేస్తారు. నేను ఐదున్నరకు వస్తాను. ఆ రెండు గంటలు పక్కింటి చేచ్చి (అక్క) దయ. డబ్బు వచ్చినంత మాత్రాన టైము మారదు. అడిగేటప్పుడు గంటలు రాసి అడగండి.


గ్రౌండ్ కోచ్ (అంబర్‌పేట్)
6 ఆగస్టు 2025, ఉదయం 8:40

అక్కలందరూ చిన్నపిల్లల గురించి మాట్లాడుతున్నారు, మంచిది. పన్నెండేళ్లు దాటిన పిల్లల సంగతి కూడా ఈ దరఖాస్తులో పెట్టండి.

ప్రతి ఎండాకాలం కార్పొరేషన్ వేసవి శిబిరాలు పెడుతుంది. నామమాత్రం రుసుము, రకరకాల ఆటలు. పొద్దున్నే ఆరు గంటలకు గ్రౌండ్ నిండిపోతుంది. ఆ నెలా నెలన్నర నా జీవితంలో మంచి రోజులు. పోయిన ఏడాది ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, తండ్రి ఆటో నడుపుతాడు. ఖోఖోలో వాళ్ల పరుగు చూస్తే ఎవరైనా నిలబడిపోతారు. మే నెల అయిపోగానే శిబిరం ముగిసింది, నా పని కూడా ముగిసింది. జూన్‌లో వాళ్లు నా ఇంటికొచ్చి సార్ ఇంక ఎక్కడికి రావాలి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

బడి నాలుగున్నరకు వదులుతారు. అమ్మానాన్నలు ఇంటికి వచ్చేది ఎనిమిదికి. ఆ మూడున్నర గంటలు బస్తీ పిల్లలు ఎక్కడుంటారో నాకు తెలుసు. సెల్‌ఫోన్‌లో, లేదంటే గల్లీ మూలలో. గంజాయి అమ్మేవాడికి కూడా ఆ టైము బాగా తెలుసు. అప్పుడు మన గ్రౌండ్‌లో లైట్లు వెలగవు, ఆడపిల్లలకు బాత్రూమ్ ఉండదు, కొన్ని చోట్ల ఫంక్షన్‌కో ఎగ్జిబిషన్‌కో గ్రౌండ్ ఇచ్చేసి ఉంటారు. స్టేడియం కట్టమని నేను అడగడం లేదు. ఏడాది పొడవునా సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా ఒక కోచ్‌కు, ఒక మహిళా కోచ్‌కు జీతం, రెండు లైట్లు, తాళం ఉన్న బాత్రూమ్. పిల్లలు వాళ్లే వస్తారు, పిలవాల్సిన పని కూడా లేదు.


శాన్‌ఫ్రాన్సిస్కో నాన్న (కాలిఫోర్నియా)
6 ఆగస్టు 2025, ఉదయం 10:05

కోచ్ అన్నా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. న్యూయార్క్ నగరం 1963 నుంచి వేసవిలో యువతకు జీతమిచ్చి పని నేర్పే కార్యక్రమం నడుపుతోంది. 14 నుంచి 24 ఏళ్లవాళ్లకు, ఆరు వారాలు. ఈ మధ్య ఏడాదికి లక్షమంది దాకా చేరుతున్నారు. లైబ్రరీలో, డే కేర్‌లో, పార్కులో పని. మన దగ్గర ఇంటర్ పూర్తయిన పిల్లలు నీ గ్రౌండ్‌లో చిన్నవాళ్లకు ఆట నేర్పితే, కార్పొరేషన్ వాళ్లకు స్టైపెండ్ ఇస్తే ఎంత బాగుంటుంది.


సైటు ఇంజనీర్ (నార్సింగి)
6 ఆగస్టు 2025, రాత్రి 9:50

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నేను పనిచేసిన ఒక సైటులో పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉండేవి. అప్పట్లో అమల్లో ఉన్న 1996 నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేస్తే క్రెచ్ పెట్టాల్సి ఉండేది. సైటులో చూస్తే ఎనభై మంది కనిపించేవారు. కాగితం మీద ముగ్గురు సబ్‌కాంట్రాక్టర్ల కింద విడివిడిగా ఉండేవారు, ఎవరి లెక్కా యాభై దాటదు. పిల్లలు ఇసుక కుప్పల దగ్గర, నీళ్ల సంపు పక్కన. సంపు మీద ప్లైవుడ్ చెక్కలు వేయించడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకునేవాణ్ని. ఆ ప్లైవుడ్ ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఆఫీసు ఉద్యోగినుల కోసం కూడా చట్టం ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ సౌకర్యం ఇవ్వాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ పెట్టారు. కానీ మూసాపేట అమ్మగారు చెప్పిన కుట్టు షెడ్డు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, కూరగాయల బండి తోసే ఆవిడ, వీళ్లెవరూ ఏ యాభై లెక్కలోకీ రారు. యజమాని మీద పెట్టిన బాధ్యత యజమాని లేనివాళ్లకు అందదు కదా. అందుకే ఇది నగరం చేయాల్సిన పని అని నాకు అనిపిస్తుంది.

నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్ కార్మికుల సంక్షేమానికి వసూలవుతుంది. లేబర్ క్యాంపులు ఎక్కువున్న వార్డుల్లో పిల్లల కేంద్రానికి ఆ బోర్డు డబ్బు ఇవ్వమని అడగవచ్చు. ఢిల్లీలో 1969లోనే ఒక స్వచ్ఛంద సంస్థ నిర్మాణ స్థలాల్లో పిల్లల కేంద్రాలు మొదలుపెట్టింది, మొబైల్ క్రెచెస్ అని. సైటు మారితే కేంద్రమూ మారుతుంది. ఆ అనుభవం ఇన్నేళ్లుగా ఉంది, మనం నేర్చుకోవడమే మిగిలింది.


లెక్కల మాస్టారు (వరంగల్)
7 ఆగస్టు 2025, ఉదయం 5:55

ఖర్చు ఎంతో తేలకుండా అడిగితే నిధులు లేవు అని ఒక్క ముక్కలో పంపేస్తారు. అందుకని కూర్చుని వేశాను. ఇది నా అంచనా మాత్రమే, తప్పులుంటే దిద్దండి.

ఒక కేంద్రంలో 25 మంది పిల్లలు. గది కమ్యూనిటీ హాలు కాబట్టి అద్దె లేదు. ఇద్దరు కార్యకర్తలకు 15,000 చొప్పున, ఒక ఆయాకు 10,000, మొత్తం 40,000. తిండి పిల్లకు రోజుకు 40 రూపాయలు, 26 రోజులు, అంటే 26,000. కరెంటు, గ్యాస్, సబ్బులు, మందులు 9,000. నెలకు 75,000, ఏడాదికి 9 లక్షలు. 2025 లెక్కన హైదరాబాద్‌లోని 150 వార్డుల్లో వార్డుకు రెండు చొప్పున 300 కేంద్రాలంటే 27 కోట్లు.

హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు. దానిలో 27 కోట్లంటే నూరు రూపాయలకు 32 పైసలు. 2019 మున్సిపల్ చట్టంలో పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం అని రాశారు, 2020లో జీహెచ్ఎంసీ చట్టంలోనూ పెట్టారు. చాలా మంచి పని, మొక్కలు నాకూ ప్రాణం. మొక్కకు నూటికి పది రూపాయలు చట్టంలో రాయగలిగినవాళ్లు పిల్లకు ఒక్క రూపాయి రాయలేరా? ఒక్క రూపాయి వస్తే కోచ్ గారి గ్రౌండ్లు కూడా అందులోనే నడుస్తాయి. కొత్త పన్ను అక్కర్లేదు పెన్షనర్ గారూ.


అంగన్‌వాడీ టీచర్ (రంగారెడ్డి జిల్లా)
7 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:15

మాస్టారూ, మీ లెక్క చాలా పనికొచ్చింది. కానీ మనుషులను తక్కువ వేశారు.

25 మందిలో పదిమంది ఏడాది, ఏడాదిన్నర పిల్లలు ఉంటారు. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు పక్క తడుపుతారు, మూడోవాడు గుమ్మం దాటుతాడు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా అంటే పదకొండు గంటలు. ముగ్గురితో కాదు. ముగ్గురు కార్యకర్తలు షిఫ్టుల్లో, ఒక ఆయా, నలుగురు కావాలి. కార్యకర్తకు 18,000, ఆయాకు 12,000 కంటే తక్కువ వేయకండి, తక్కువిస్తే ఆర్నెల్లకోసారి మనిషి మారుతుంది. చిన్నపిల్ల ప్రతి ఆర్నెల్లకూ కొత్త ముఖానికి అలవాటు పడాలంటే ఎంత కష్టమో నేను చూశాను. ఆంధ్రలో మా అక్కచెల్లెళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నది కూడా జీతం కోసమే. మళ్లీ అలాంటి ఉద్యోగాలే పుట్టించకండి.

పై ఖర్చులు కూడా 13,000 వేయండి. గుడ్డలు ఉతకాలి, బొమ్మలు విరుగుతాయి, గ్యాస్ ఆగదు.


లెక్కల మాస్టారు (వరంగల్)
7 ఆగస్టు 2025, సాయంత్రం 6:30

మీరు చెప్పినట్టే మళ్లీ వేశానమ్మా. జీతాలు 66,000, తిండి 26,000, ఇతర ఖర్చులు 13,000. నెలకు 1,05,000, ఏడాదికి 12 లక్షల 60 వేలు. 300 కేంద్రాలకు 37 కోట్ల 80 లక్షలు. నూరు రూపాయలకు 45 పైసలు. ఇంకా అర్ధరూపాయి లోపే.


పెన్షనర్ (సైనిక్‌పురి)
7 ఆగస్టు 2025, రాత్రి 8:00

అర్ధరూపాయి దగ్గర నేను వాదించను. నా షరతులు మాత్రం రాసుకోండి. కొత్త పన్ను వద్దు. డబ్బు విడి ఖాతాలో ఉండాలి, ఏ వార్డులో ఎంత ఖర్చయిందో మూడు నెలలకోసారి వార్డు ఆఫీసు గోడ మీద అతికించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బాబు చెప్పిన గీత ఉండాలి, అంగన్‌వాడీ డబ్బు తగ్గించి ఇటు వేయకూడదు. ఈ మూడూ ఉంటే దరఖాస్తు మీద నా సంతకం కూడా తీసుకోండి. మా కాలనీలో ఇంకో పదకొండు మందితో పెట్టిస్తాను.


మూసాపేట అమ్మ (హైదరాబాద్)
10 ఆగస్టు 2025, రాత్రి 9:20

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ మూడు రోజులు ఎందుకు కనిపించలేదంటే, తిరుగుతూ ఉన్నాను.

నేనూ, ఆ కుట్టు మిషన్ ఆవిడా, పొదుపు సంఘం లీడర్ ఒకరూ కలిసి మా మూడు సందుల్లో ఇల్లిల్లూ అడిగాం. మూడేళ్లలోపు పిల్లలు 41 మంది. వాళ్లలో 23 మంది తల్లులు బయటికి పనికి వెళ్తున్నారు. ఇంకో ఆరుగురు పిల్లలను చూసుకునేవాళ్లుంటే రేపే పనికి వెళ్తామన్నారు. ఒక ఇంట్లో ఏడేళ్ల అమ్మాయి తమ్ముడి కోసం బడి మానేసి ఉంది. ఎన్ని గంటలు కావాలని అందరినీ అడిగి రాసుకున్నాం. కొచ్చి కోడలు గారూ, మీరు చెప్పినందుకే అది అడగాలని తట్టింది. ఎక్కువమంది ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు అన్నారు.

వార్డు ఆఫీసులో యూసీడీ మేడమ్ శాంతంగా విన్నారు. కమ్యూనిటీ హాలు కింది గది ఖాళీగా ఉందని, తాళం తన దగ్గరే ఉందని చెప్పారు. కార్పొరేటర్ గురువారం పదకొండింటికి రమ్మన్నారు. వకీలు గారి షెడ్యూళ్ల పేరా, మాస్టారి లెక్క, పెన్షనర్ గారి మూడు షరతులు, కోచ్ అన్న చెప్పిన లైట్లు, అన్నీ కలిపి రెండు పేజీల్లో రాశాను. రేపు ఇక్కడ పెడతాను, చూసి దిద్దండి.

పాప ప్రస్తుతానికి పొద్దున రెండు గంటలు మా ఇంట్లో ఉంటోంది. నన్ను కాలు ఆంటీ అంటోంది. కారు అనడం ఇంకా రాదు.


అంగన్‌వాడీ టీచర్ (రంగారెడ్డి జిల్లా)
10 ఆగస్టు 2025, రాత్రి 10:05

చెల్లీ, గురువారం నేనూ సెలవు పెట్టి వస్తాను. ఆలోపు ఆ గది ఒకసారి తెరిపించి చూడు. మెట్లకు పిట్టగోడ ఉందా, బాత్రూమ్ కుళాయి ఎంత ఎత్తులో ఉంది, కిటికీకి జాలీ ఉందా, స్విచ్ బోర్డులు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, సంపు మూత ఎక్కడుంది. కొలతలు రాసుకునిరా.